పిడికిలి బియ్యం

దూదేకుల నాగూర్ బాషా ఇంట్లో గుడి బియ్యం ఉడుకుతున్నాయని పాలుపోసే బుచ్చమ్మ అన్నదట. నీ కళ్లతో చూశావా అంటే, లేదట. వాళ్ల పక్కింటి లచ్చమ్మ జల్లెడ కోసం వెళ్లి చూసిందట. అతని భార్య ఖమర్ బీ చాటలో పోసుకుని ఏరుతున్న బియ్యం ఒక రంగు కాదట, ఒక జాతి కాదట. ఎర్రవీ తెల్లవీ, లావువీ సన్నవీ అన్నీ కలగాపులగంగా ఉన్నాయట. "గసొంటి బియ్యం కిరస్తానపోళ్ల గుళ్ల తప్ప ఇంకేడుంటయి?" అని బుచ్చమ్మ పాలు కొలుస్తున్న గిద్ద చేత్తోనే పట్టుకుని, లోకం మొత్తానికి వినిపించేలా అన్నదట.

డోరా ఇదంతా చెప్పి, "నా మాట కాదండీ, ఆవిడ మాట" అంటూ భర్త ముందు కంచం పెట్టింది.

పాదిరి జకర్యా అయ్యగారు ముద్ద కలిపారు. ఆ ఇంట్లో అన్నం ఏనాడూ ఒక్కతీరుగా ఉడకదు. కొన్ని మెతుకులు పేస్టులా అయిపోతే, కొన్ని పంటికింద పలుకుతుంటాయి. లాలాగూడ తెలుగు సంఘంలో ప్రతి ఇల్లాలూ పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం విడిగా తీసి, గుడ్డసంచిలో వేసి, దేవుడిదని పక్కన పెట్టేది. ఆదివారం ఆ సంచి తెచ్చి, బలిపీఠం వెనుక చిన్నగదిలో ఉన్న పెద్ద కుండలో కుమ్మరించేది. అందులో సగం బీద విధవరాళ్లకు, సగం అయ్యగారి ఇంటికి. రేషను బియ్యం తినేవాళ్లదీ, ఊళ్లనుంచి తెప్పించుకునేవాళ్లదీ, మద్రాసు అలవాటున ఉప్పుడు బియ్యం వండేవాళ్లదీ అన్నీ ఆ కుండలో ఒకటయ్యేవి. అందుకే అయ్యగారికి సంఘంలో ఎవరింట్లో ఏ బియ్యమో నాలుకకు తెలుసు.

"కుండ తగ్గుతున్న మాట నిజమేనా?" అన్నారాయన.

"తగ్గుతోందండీ. వెనకటికి చేయి పెడితే మణికట్టు దాకా దిగేది. ఇప్పుడు అడుగు తగులుతోంది."

ఆయన ఇంకో ముద్ద కలిపారు. గోడ అవతల నాగూర్ బాషా ఇల్లు. గోడ ఒకటే ఇద్దరికీ. చలికాలం వచ్చిందంటే తెల్లవారగానే ఆ గోడ అవతల దూది ఏకే విల్లు మోగేది. టింగ్, టింగ్ అని నరం మోగుతుంటే, ఏకిన దూది తేలిపోతూ వచ్చి డోరా ఆరేసిన చీరలకు అంటుకునేది. "నాగూర్ బాషా, మా ఇంట్లో మంచు కురుస్తోందయ్యా" అని అయ్యగారు గోడమీంచి కేకేస్తే, "ముఫత్ మంచు అయ్యగారూ, పైసలొద్దు, ఏరుకోన్రి" అని అతను నవ్వేవాడు. ఆ తర్వాత రైల్వే వర్క్‌షాప్ కూత. కూతకు ముందే సైకిళ్ల వరస. ఫిట్టర్లూ బాయిలర్ మేకర్లూ టిఫిను డబ్బాలు ఊపుకుంటూ, తెలుగూ ఉర్దూ తమిళమూ కలగలిపి ఒకరినొకరు తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఇప్పుడు కూత ఉంది, సైకిళ్లున్నాయి, తిట్లు లేవు. సెప్టెంబరులో రజాకార్లను అణచడానికి యూనియన్ మిలటరీ వచ్చినప్పటినుంచి ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడాలన్నా ముందు అటూ ఇటూ చూస్తున్నారు. ఈ చలికాలం పరుపు కుట్టించుకోవడానికి నాగూర్ బాషాను ఎవరూ పిలవలేదు. గోడ అవతల విల్లు మోగలేదు.

సాయంత్రం కూత కాగానే సంఘపెద్ద దేవానందం వచ్చారు. రైల్వే స్టోర్సులో హెడ్ క్లర్కు. సైకిలు గోడకు ఆనించి, పాంటుకు పెట్టుకున్న క్లిప్పులు తీసి జేబులో వేసుకుని, కోటు దులుపుకుని గానీ మెట్టెక్కరు. ఆ రోజు క్లిప్పులు తీయకుండానే ఎక్కారు.

"విన్నారు గదా అయ్యగారూ. మీరే వాణ్ణి చిన్నగదిలో కూర్చోబెట్టారు. ప్రార్థనకు మోకరించే దిండ్లలో దూది గడ్డకట్టిందని, వాడిచేత ఏకించాలని ముచ్చట పడ్డారు. కుండ పక్కనే కూర్చున్నాడు వాడు."

"నేనే కూర్చోబెట్టాను. కూలి కూడా వద్దన్నాడు. మీ గుడి నీడన ఉన్నం, నాకేమొద్దు అన్నాడు."

"మరి! కూలి ఎట్టా తీసుకున్నాడో ఇప్పుడు తెలిసింది గదా!"

"చూసినవాళ్లెవరూ లేరు దేవానందం గారూ."

"చూడాల్సిన పనేముంది? ఆ కలగలుపు బియ్యం బజార్లో దొరుకుతుందా? ఏ షావుకారు అమ్ముతాడు అట్టాంటివి? ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు పెడతాను. సోమవారం ఠాణాలో రాసిస్తాను."

జకర్యా అయ్యగారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. సీతాఫల్‌మండిలో ఒక దర్జీని కిందటి నెల ఎవరో మిలటరీకి వేలెత్తి చూపించారు. రజాకార్లకు బట్టలు కుట్టాడన్నారు. అతని భార్య ఇప్పటికీ ఒక్కో జైలు గేటు దగ్గరా నిలబడి పేరు అడుగుతోంది.

"గడ్డమున్నవాణ్ణి ఈ రోజుల్లో ఠాణాకు అప్పజెబితే, దొంగతనం ఒక్కటే అడిగి వదిలేస్తారా? మీకు తెలియంది కాదు."

"నాకు అన్నీ తెలుసండీ. మొన్న ఎండాకాలం, రజాకార్లున్నప్పుడు, స్టేషన్‌నుంచి ఇంటికి రావాలంటే టోపీ చేత్తో పట్టుకుని, తల వంచుకుని వచ్చాను. అప్పుడు మన గురించి ఎవరు అడిగారు?"

"నాగూర్ బాషా వంచమన్నాడా?"

దేవానందం పాంటు క్లిప్పులు అప్పుడు గుర్తొచ్చి వంగి తీసుకున్నారు. "ఆదివారం దాకా ఆగుతాను. మీమీద గౌరవంతో" అని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే అయ్యగారు గోడ చుట్టూ తిరిగి వెళ్లారు. నాగూర్ బాషా వాకిట్లో కూర్చుని విల్లు నరానికి మైనం రుద్దుతున్నాడు. పనిలేకపోయినా నరం ఎండిపోకూడదు. ఆయన్ని చూసి లేచి, మంచంమీది బొంత దులిపి పరిచాడు.

"సలాం అయ్యగారూ. కబురంపితే నేనే రాకపోదునా."

"బాగున్నావా?"

"ఉన్న. ఇంట్లనే ఉన్న." నవ్వబోయాడు, రాలేదు. బుగ్గలు లోపలికి పోయి గడ్డం పెద్దదైనట్టు కనిపించింది. "పెద్దసారు నన్ను ఠాణాల ఇస్తడట గదా. లచ్చమ్మ జెప్పింది. గుళ్ల దిండ్లు తప్ప నేను వేరే దేన్నన్న ముట్టుకుంటే నా చేతులు పడిపోవాలె."

లోపల ఖమర్ బీ పైట తలమీదికి లాక్కుని చాట ముందునుంచి లేవబోయింది. "కూర్చో అమ్మా" అని అయ్యగారు గడప ఇవతలే నిలబడి చాటలోకి చూశారు. బుచ్చమ్మ అబద్ధం చెప్పలేదు. రంగురంగుల బియ్యం. ఆయన రోజూ తినే అన్నమే పచ్చిగా ఉన్నట్టుంది.

"ఈ బియ్యం ఎక్కడివమ్మా?"

"ఇచ్చిన్రు."

"ఎవరు?"

"ఇచ్చినోళ్లు."

"పేరు చెబితే నీ పెనిమిటికి గండం తప్పుతుంది."

ఆమె చాటలో ఒక రాయి ఏరి బయటకు విసిరింది. ఇంకో రాయి వెతికింది. "ఎవ్వరికి జెప్పకు అన్నరు. సరే అన్న. అన్నదాన్ని ఇప్పుడు కాదనుడెట్ల అయ్యగారూ?"

ఆయన నాగూర్ బాషా వైపు తిరిగారు. అతను విల్లువైపే చూస్తూ అన్నాడు. "నన్నడగకున్రి. నేను సుత అడగలే. ఏడికెంచి వచ్చినయని అడిగితే ముద్ద లోపలికి పోదు."

అయ్యగారు జేబురుమాలు తీసి పరిచి, "ఇందులో కొంచెం పెడతావా అమ్మా" అన్నారు. పోల్చి చూడటానికి నాలుగు గింజలు చాలు ఆయనకు. ఖమర్ బీ ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. పాదిరి ఇంట్లో కూడా నిండుకున్నాయనుకుంది కాబోలు, రెండు దోసిళ్లు పోసింది. చాటలో మూడోవంతు ఖాళీ అయింది. ఆయన వద్దనేలోపే ఆమె రుమాలు నాలుగు కొసలూ తనే ముడివేసి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి ఇచ్చింది.

ఇంటి వరండాలో ఎండ పడే చోట రెండు పళ్లేలు పెట్టించారు అయ్యగారు. ఒకదాంట్లో గుడి కుండ బియ్యం, ఒకదాంట్లో రుమాల్లో బియ్యం. డోరా కళ్లు మంచివి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వేలితో జరుపుతూ పోయారు.

"ఇవి మేబెల్ వాళ్ల ఉప్పుడు బియ్యం" అంది డోరా. "ఇందులోనూ ఉన్నాయి, అందులోనూ ఉన్నాయి."

"ఈ ఎర్రవి?"

"రోసమ్మవి. దంపుడు బియ్యం. రెండింట్లోనూ ఉన్నాయండీ. ఇంకేం చూస్తారు? ఒకే కుండ."

అయ్యగారు ఒక గింజ నోట్లో వేసుకుని నమిలారు. సన్నగా, మల్లెమొగ్గ కొసలా ఉన్న గింజ. "ఇదేమిటి?"

"మొలగొలుకులు. దేవానందం గారింటివి. మిలటరీ వచ్చి దారులు తెరిచాక నెల్లూరునుంచి వాళ్ల బావమరిది రైల్లో వేశాడు."

"గుడి పళ్లెంలో చూపించు."

డోరా వెతికింది. పళ్లెం తిప్పి వెతికింది. వంగి, దాదాపు ముక్కు ఆనించి వెతికింది. "లేవు" అంది చివరికి. "నిజమే సుమండీ, ఈమధ్య అన్నంలో సన్నబియ్యం తగలడమే లేదు. వాళ్లావిడ ప్రేమమణి గారు తేవడం మానేశారేమో అనుకున్నా."

"తేవడం మానలేదు. సంచి తెస్తున్నారు, కుండమీద వంచుతున్నారు. అందులో బియ్యం ఉండటం లేదేమో." అయ్యగారు రెండు పళ్లేల మధ్య వేలు పెట్టారు. "దొంగ అనేవాడు కుండలో చెంబు ముంచుతాడు. చెంబులో అన్నీ వస్తాయి, కుండలో అన్నీ మిగులుతాయి. సన్నగింజలు మాత్రమే ఏరుకుని, ఒక్కటి కూడా వదలకుండా ఎత్తుకుపోయే దొంగ ఉంటాడా? ఈ బియ్యం కుండలో పడనే లేదు డోరా. కుండకు రాకముందే, సంచి దగ్గరే దారి చీలింది."

డోరా చేతులు దులుపుకోవడం మరిచిపోయింది. "అంటే ప్రేమమణి గారే?"

"ఆవిడ ఒక్కరే కాదు. అన్ని రంగులూ ఉన్నాయిగా."

శనివారం దేవానందం ఆఫీసుకు వెళ్లాక అయ్యగారు ఆ ఇంటికి వెళ్లారు. ప్రేమమణి కాఫీ తెచ్చింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు, తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన ఏమీ అడగకుండా సాసరు పక్కన పది సన్నగింజలు పెట్టారు.

ఆమె వాటిని చూసింది. కొంగుతో అద్ది, ఒక్కొక్కటీ ఏరి, మళ్లీ ఏం చేయాలో తెలియక పిడికిట్లోనే పెట్టుకుంది.

"ఆయనకు చెప్పొద్దు అయ్యగారూ."

"రేపు ఆయన లేచి మాట్లాడతారమ్మా. ఎల్లుండి ఠాణా."

"మా ఇంట్లో బియ్యం గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుందండీ. కొలిచి ఇస్తారు. పక్కింటికి సోలెడు చేబదులు ఇవ్వాలన్నా అడగాలి. దేవుడి పిడికిలి ఒక్కటే ఆయన అడగరు. నేను తీసుకోగలిగిన బియ్యం అవే." ఆమె గొంతు తగ్గించింది. "ఖమర్ బీ కడుపుతో ఉంది. మీకు తెలుసా? వెనుక గుమ్మంలో నిలబడి చాటకు పని ఉందా, బియ్యం చెరగాలా అక్కా అని అడిగింది. పనేమీ లేదు నా దగ్గర. దేవుడి సంచి ఉంది."

"ఇంకెవరు ఇస్తున్నారు?"

"ఇంకెవరు ఇస్తారు? నేనొక్కదాన్నే."

అయ్యగారు కాఫీ తాగేశారు. "నా నోటివెంట మీ పేరు రాదు" అని లేచారు. ఆ మాట ఇచ్చేశాక, దారిలో సగం దూరం వచ్చాక, తన చేతులు తనే కట్టేసుకున్నట్టు అర్థమైంది ఆయనకు.

ఆదివారం ఆయన ప్రసంగం పొట్టిగా చేశారు. కడపటి కీర్తన అయ్యాక ఎవరూ లేవలేదు. కుడివైపు బల్లలమీద మగవాళ్లు, ఎడమవైపు చాపలమీద ఆడవాళ్లు. నాగూర్ బాషాను దేవానందం పిలిపించారు. అతను చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే గోడకు అంటుకుని నిలబడ్డాడు. వెనుక ఖమర్ బీ. ఎవరో చాప జరిపి ఆమెకు చోటిచ్చారు గానీ ఆమె కూర్చోలేదు.

దేవానందం సంగతంతా చెప్పారు. కోపంగా చెప్పలేదు, ఆఫీసులో చెప్పినట్టు చెప్పారు. అందువల్ల ఇంకా నిజంలా వినిపించింది.

జకర్యా అయ్యగారు రెండు పళ్లేలు బల్లమీద పెట్టించారు. "ఇది కుండది, ఇది వాళ్లింటిది. పెద్దలు వచ్చి చూడండి. ఈ పళ్లెంలో ఉన్న ఒక రకం ఆ పళ్లెంలో లేదు. కుండలోంచి తీసినవైతే రెండూ ఒక్కటే అయ్యుండాలి. ఇవి ఎవరూ దొంగిలించలేదు. ఎవరో చేత్తో ఇచ్చారు."

మగవాళ్లు నలుగురు లేచి వచ్చి వంగి చూశారు. దేవానందం వంగలేదు. "ఎవరిచ్చారో చెప్పండి. అయిపోతుంది."

"చెప్పను. మాటిచ్చాను."

"దొంగ పెళ్లాం కూడా అదే మాట అంటోంది" అన్నారు దేవానందం. బల్లలమీద ఎవరో నవ్వారు. "చూడండి అయ్యగారూ, మీ మెత్తదనం అందరికీ తెలుసు. పేరు లేకపోతే ఇచ్చినవాళ్లు లేరు. నేను రేపటిదాకా కూడా ఆగను." ఆయన టోపీ అందుకున్నారు. నాగూర్ బాషా గోడమీంచి వీపు తీసి నిటారుగా నిలబడ్డాడు, రమ్మంటే వెళ్లడానికి సిద్ధంగా. ఖమర్ బీ అతని చొక్కా కొస పట్టుకుంది. నోరు మాత్రం తెరవలేదు.

చాపలమీద గాజుల చప్పుడైంది.

"నా పిడికిలండీ అవి" అంది ప్రేమమణి. నిలబడింది గానీ తల ఎత్తలేదు. "మొలగొలుకులు. మనింటివి."

దేవానందం టోపీ పట్టుకున్న చేయి అక్కడే ఆగింది.

"కూర్చో" అన్నారు.

ఆమె కూర్చోలేదు. ఆమె వెనకనుంచి మేబెల్ లేచింది. ఇంజను డ్రైవరు భార్య, గట్టి మనిషి. "ఉప్పుడు బియ్యం నావి. మా అత్తయ్యకు తెలియదు." ముసలి అత్తగారు పక్కనే ఉంది. "నాకు తెలుసులేవే" అంది ముసలామె. "నేను సాయంకాలం పిడికిలి ఇస్తున్నా, నువ్వు పొద్దుటిది ఇస్తున్నావు కాబోలు." చాపలమీద నవ్వు పుట్టి, మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఇంకో ఇద్దరు లేచారు. ఆ వెనుక రోసమ్మ. వర్క్‌షాప్ బంగళాల్లో వాకిళ్లూడ్చే మనిషి. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఓసి, నువ్వు సుతనా?" అంది రోసమ్మ మేబెల్‌తో. "నేనొక్కదాన్నే అనుకుని, దేవునికి లెంపలేసుకుంటున్న రోజు."

ఖమర్ బీ అప్పుడు కూర్చుంది. చాపమీద కాదు, నిలబడ్డచోటే, గడపమీద.

దేవానందం టోపీని బల్లమీద పెట్టి, దాని అంచు సరిచేసి, మళ్లీ సరిచేసి, కూర్చున్నారు. భార్యవైపు చూడలేదు. కాసేపటికి మొలతాడు దగ్గర చేయి పెట్టుకుని తడుముకున్నారు. తాళంచెవి అక్కడే ఉంది.

జకర్యా అయ్యగారి కళ్లు చెమర్చాయి. పళ్లేలు వెతికి, గింజలు నమిలి తను పట్టుకున్న సంగతి ఇంత పెద్దదని ఆయన అనుకోలేదు. సంతోషం పట్టలేకపోయారు. ఆడవాళ్ల చాపల దాకా దిగివచ్చారు.

"ఎంత మంచిపని చేశారమ్మా! మరి నాకెందుకు దాచారు? ఒక్కమాట చెప్పుంటే నేను కాదనేవాణ్ణా? నేను కూడా ఒక పిడికిలి ఇచ్చేవాణ్ణి కదా. ఇంత తిప్పలు ఉండేది కాదు కదా."

మేబెల్ కొంగు సర్దుకుంది. రోసమ్మ మాత్రం ఆయన మొహంలోకి నేరుగా చూసింది.

"మీకు జెప్పుడేంది అయ్యగారూ? మీ గోడ, ఆళ్ల గోడ ఒక్కటే. మిలటరీ వచ్చినంక ఎన్ని దినాలో ఆ ఇంట్ల పొయ్యి రాజలే. పొగ లేదు. ఏడనో పట్టాల అవతల ఉండే నాకు గూడ కనబడ్డది."

డోరా తల వంచుకుంది. నాగూర్ బాషా గుమ్మం దగ్గర నేల చూస్తున్నాడు. రోసమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"గుడి బియ్యం తక్కువైనయని ఇల్లిల్లు దిరిగి ఎతికిన్రు. పొగ తక్కువైననాడు గోడమీంచి జెర తొంగి సూడకపోతిరి."